‘గుడి’ని నిలబెట్టే చిన్న మూడు

మాట తెలుగు.. రాత తమిళం.. మీట తెలిస్తే అక్షరం దక్కుతుంది

కోవిల్‌పట్టి, విరుదునగర్: శివకాశిలో అచ్చయ్యే తెలుగు క్యాలెండర్లు ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో గోడలెక్కుతాయి. తిథి, వర్జ్యం, రాహుకాలం.. అన్నీ చక్కటి తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. ఆ శివకాశి ఉన్నది విరుదునగర్ జిల్లాలో. అదే జిల్లాలో సాత్తూరు, రాజపాళయం వైపు, దాన్ని ఆనుకుని ఉన్న తూత్తుకుడి జిల్లాలో కోవిల్‌పట్టి, ఎట్టయపురం, విలాత్తికుళం వైపు నల్లరేగడి పల్లెల్లో తెలుగే ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. వీరిలో చాలామందికి ఆ క్యాలెండర్ మీది అక్షరం చదవడం మాత్రం రాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనిచేసే చోట తమిళమో ఇంగ్లిషో. నోటికి వచ్చిన భాష చేతికి రాలేదు.

అలాగని రాసే అవసరం రాకుండా ఉంటుందా? అవ్వ పాడే పాట రాసుకోవాలి. కులదైవం కొలుపులో చెప్పే మాటలు రాసిపెట్టుకోవాలి. పెళ్లి పత్రికలో ఒక్క వరుసైనా మన మాటలో ఉండాలనిపిస్తుంది. అప్పుడు చేతికి తెలిసిన తమిళ లిపిలోనే తెలుగు రాసేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

తమిళ లిపిలో ‘క’ ఒక్కటే. ఖ, గ, ఘలకు వేరే అక్షరాలు లేవు. అలాగే ట, త, ప వరుసల్లోనూ ఒక్కొక్కటే. తమిళానికి అది లోటు కాదు. మాటలో అక్షరం ఎక్కడుందో చూసి ఏ ధ్వని పలకాలో తమిళులు ఇట్టే పోల్చుకుంటారు. తెలుగుకు ఆ సూత్రం పనికిరాదు. ‘గుడి’ అని రాయబోతే కాగితం మీద పడేది ‘కుడి’. అది తెలుగులో ఎడమకు ఎదురు. తమిళంలోనైతే ‘తాగు’ అని అర్థం! గుడి దగ్గర భోజనాలు అని రాసిన పత్రిక చూసి తమిళ స్నేహితులు ఏమనుకోవాలి? ‘గాలి’కీ ‘కాలి’కీ తేడా ఉండదు. ‘దాత’ పేరు రాస్తే ‘తాత’ అవుతాడు. ‘మేక’ అని రాస్తే తమిళ అలవాటు ప్రకారం ‘మేగ’ అని చదువుతారు. అది వాళ్లకు మేఘం లెక్క. ‘చాలు’ కాస్తా ‘సాలు’ అవుతుంది.

రాసిన మనిషి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. తనకు మాట తెలుసు కాబట్టి సరిగానే చదువుకుంటారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కాగితం మనవరాలి చేతికి వస్తే? ఆమెకు తెలుగు అంతంత మాత్రంగానే వస్తే? అక్కడున్నది గంపో కంపో చెప్పేవాళ్లు ఉండరు.

ఊరు కాని ఊళ్లో మన మాట

విజయనగర కాలంలోనూ, తర్వాత మదురై నాయక రాజుల కాలంలోనూ వచ్చి ఇక్కడ స్థిరపడినవారి వారసులు వీరిలో ఎక్కువ. కమ్మవారు, రాజకంబళం నాయకర్లు, రెడ్డియార్లు, రాజపాళయం రాజులు, అరుంధతియార్లలో చాలామంది.. ఒక్కొక్కరి తెలుగుకు ఒక్కో యాస. ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టారు. ఆయన ఇంటి భాష తెలుగే. పేరు తెచ్చిన రచనలన్నీ తమిళంలో. 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ నవల తెలుగు నేల నుంచి ఈ కరిసల్ భూములకు వలస వచ్చినవారి కథే. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. 2021లో ఆయన కన్నుమూశారు. తెలుగువాళ్ల కథను దేశమంతా తమిళంలో చదువుకుంది.

తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం గురించి కృష్ణగిరి, తిరువళ్లూరు వైపు తెలుగు బడుల్లో పెద్ద గొడవే జరిగింది. ఇక్కడి పల్లెల్లో చదువు అంతకు చాలా ముందే తమిళమైపోయింది. పోయిన లిపిని చట్టాలతో తిరిగి తెచ్చుకోవడం తర్వాతి సంగతి. ఈలోగా కంప్యూటర్‌లో నాలుగు మీటలు తెలిస్తే కొంతైనా దక్కించుకోవచ్చు.

క, క², క³, క⁴

తమిళ అచ్చు పుస్తకాలకు ఈ చిక్కు కొత్త కాదు. సంస్కృత స్తోత్రాలు, త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో వేసేటప్పుడు అక్షరం పక్కన, కొంచెం పైకి, చిన్న అంకె పెడతారు. అంకె లేకపోతే క. రెండు ఉంటే ఖ. మూడు ఉంటే గ. నాలుగు ఉంటే ఘ. త, ప, ట వరుసలకూ ఇదే లెక్క. ‘జ’కు తమిళంలో విడిగా అక్షరం ఉంది కాబట్టి దానికి అంకెతో పనిలేదు. ఈ పద్ధతిలో ‘గుడి’ అంటే ‘కు’ పక్కన చిన్న మూడు, ‘డి’ కోసం రాసే ‘టి’ పక్కన మరో చిన్న మూడు. తెలుగులో ఒత్తులున్న మాటల కంటే గ, డ, ద, బలున్న మాటలే ఎక్కువగా వాడుకలో ఉంటాయి. అందుకే ఇంటి మాటలు రాసుకోవడానికి రెండు, నాలుగు అరుదుగా కావాలి. మూడు మాత్రం వాక్యానికి నాలుగైదు సార్లు కావాలి.

మరి ఆ చిన్న మూడు ఎలా కొట్టాలి? విండోస్ కంప్యూటర్‌లో ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కుడివైపు అంకెల మీటల మీద 0179 కొట్టి వదిలేయాలి. ³ వచ్చేస్తుంది. 0178 కొడితే ² వస్తుంది. నమ్ లాక్ వెలుగుతూ ఉండాలి. పైవరుసలోని అంకెలతో ఇది జరగదు. అదే వరసలో నాలుగు కూడా వస్తుందనుకుని 0180 కొడితే వేరే గుర్తు పడుతుంది. చిన్న రెండు, మూడు పాత ఐరోపా అక్షరాల పట్టికలోనే చోటు సంపాదించుకున్నాయి. నాలుగుకు అక్కడ చోటు దొరకలేదు. యూనికోడ్‌లో దాని నంబరు 2074. వర్డ్‌లో 2074 అని కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ నంబరు మాయమై ⁴ కనిపిస్తుంది.

అంకెల మీటలు లేని ల్యాప్‌టాప్‌లో చిన్న మూడుకూ ఇదే దారి. 00బి3 అని కొట్టి ఆల్ట్, ఎక్స్. (ఇక్కడ బి అంటే ఇంగ్లిషు అక్షరమే. కొట్టేటప్పుడు కీబోర్డును ఇంగ్లిషుకు మార్చుకోవాలి.) రెండుకు 00బి2. వర్డ్‌కు డబ్బు పెట్టనవసరం లేదు. ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్‌లోనూ 2016 నుంచి ఈ సదుపాయం ఉంది. ఒక్క జాగ్రత్త. నంబరుకు ముందు ఖాళీ లేకుండా మరో అంకె ఉంటే దాన్ని కూడా కలిపేసుకుని ఏదో తెలియని గుర్తును తెచ్చిపెడుతుంది. రోజూ కొట్టాల్సినవాళ్లు వర్డ్‌లోని ఆటో కరెక్ట్‌లోకి వెళ్లి ఏదైనా రెండు గుర్తుల జంటను ³గా మారేలా పెట్టుకుంటే వేళ్లకు విశ్రాంతి.

డి.టి.పి. సెంటర్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ప్లస్ కలిపి నొక్కితే మామూలు మూడే పైకెక్కి చిన్నదవుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. కాగితం మీద అచ్చు వేస్తే తేడా తెలియదు. కానీ అది వేషం మాత్రమే. లోపల ఉన్నది మామూలు 3. ఆ పాటను వాట్సాప్‌లోకి కాపీ చేయగానే వేషం ఊడిపోయి, మాటల మధ్య పెద్ద పెద్ద మూళ్లు దర్శనమిస్తాయి. పత్రిక అచ్చుకు ఏదైనా ఫర్వాలేదు గానీ, దాచుకునే రాతకు మాత్రం ఆల్ట్‌తో వచ్చే నిజమైన ³ కావాలి.

ఇంకొకటి. అంకెను గుణింతం పూర్తయ్యాకే పెట్టాలి. ‘కు’ మొత్తం కొట్టాక మూడు. హల్లుకూ గుణింతం గుర్తుకూ మధ్యలో దూరిస్తే ఆ గుర్తు విడిపోయి చుక్కల సున్నా మీద కూర్చుంటుంది. కంప్యూటర్ దృష్టిలో ³ తమిళ అక్షరంలో భాగం కాదు, దారిన పోయే అంకె. ఇలా అంకెలు మోసే అక్షరాలకు ‘విస్తరించిన తమిళం’ పేరుతో యూనికోడ్‌లో స్థానం ఇవ్వాలని 2010లో ఒక ప్రతిపాదన వెళ్లింది. తమిళనాట తీవ్ర వ్యతిరేకత వచ్చి అది ఆగిపోయింది. తమిళ లిపిలోకి పరాయి అక్షరాలు చొరబడతాయన్నది వారి భయం. గ్రంథ లిపికి మాత్రం 2014లో విడిగా చోటు దొరికింది. కాబట్టి ఇప్పటికి ఉన్న మార్గం అక్షరం పక్కన అంకె పెట్టుకోవడమే.

ఎట్టయపురంలో 1904లోనే..

ప్రత్యేక గుర్తులతో తెలుగు అచ్చువేయడం ఈ సీమకు తెలియనిదేమీ కాదు. కోవిల్‌పట్టికి దగ్గర్లోనే ఎట్టయపురం ఉంది. సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితార్ 1835లో అక్కడే తనువు చాలించారు. సమాధి కూడా అక్కడే. ఆయన వంశానికే చెందిన సుబ్బరామ దీక్షితార్ రాసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలోని విద్యా విలాసినీ ప్రెస్‌లో అచ్చయింది. సంస్థానాధీశుల ఆదరణతో వచ్చిన ఆ మహాగ్రంథం దాదాపు 1,700 పేజీలు. లిపి తెలుగు!

అందులో స్వరాక్షరాలకు గమకాలు చూపడానికి రకరకాల గుర్తులు వాడారు. కంపితానికి అలలాంటి గీత. స్ఫురితానికి మూడు చుక్కల ముక్కోణం. ప్రత్యాహతానికి అదే ముక్కోణం తలకిందులుగా. జారుకు ఏటవాలు గీత. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పేర్చే రోజుల్లో, స్వరం నెత్తిన ఆ గుర్తులు సరిగ్గా కూర్చోబెట్టడం ఎంత పనో ఊహించుకోవచ్చు. ఇప్పుడదే పని చేయాలంటే వర్డ్‌లో 2234 కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే ∴ వస్తుంది. 2235 కొడితే ∵. నూట ఇరవై ఏళ్ల కిందట తెలుగు అచ్చులో అంత పెద్ద పని చేసిన ఊరి చుట్టూ ఇవాళ తెలుగు ‘గ’ రాయడానికి అంకె అరువు తెచ్చుకోవాల్సి రావడం చిత్రమే.

మీట ఒకటే.. లిపి వేరు

అంకెల గొడవ లేకుండా నేరుగా తెలుగు లిపిలోనే కొట్టేస్తే? అక్షరాలు రానివాళ్లు ఎలా కొడతారని అడగొచ్చు. ఇక్కడే ఓ చక్కటి సంగతి ఉంది. 1980లలో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషలన్నిటికీ ఇన్‌స్క్రిప్ట్ అనే ఒకే మీటల అమరిక తయారు చేయించింది. ఏ భాషలోనైనా ‘క’ ఉండేది ఇంగ్లిషు కె మీట మీదే. ‘ప’ హెచ్ మీద. ‘వ’ బి మీద. గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. తమిళ ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారు విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి భాషను తెలుగుకు మార్చి, అవే మీటలు కొడితే తెరమీద తెలుగు పడుతుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు 2001 నాటి ఎక్స్‌పీ నుంచీ ఉంది. సెట్టింగ్స్‌లో చేర్చుకోవాలి, అంతే.

ఊరి పేర్లతోనే చూద్దాం. కోవిల్‌పట్టి అని తమిళంలో కొట్టడానికి 11 మీటలు. తెలుగులోనూ అవే 11, అదే వరసలో. ఒక్కటీ మారదు. విరుదునగర్‌కు 10 మీటలు. ఇందులో రెండు మారతాయి. తమిళంలో ‘త’ రాసి ‘ద’ అని, ‘క’ రాసి ‘గ’ అని చదువుతారు. తెలుగులో ‘ద’కు ఓ మీట, ‘గ’కు ఐ మీట నొక్కాలి. తమిళ టైపిస్టు కొత్తగా నేర్చుకోవాల్సింది చాలావరకు ఇలాంటి మీటలే. గ ఐ మీద, ద ఓ మీద, బ వై మీద, డ చతురస్రపు బ్రాకెట్ మీద. ఒత్తు కావాలంటే అదే మీటకు షిఫ్ట్.

అయితే అందరికీ ఇది కలిసిరాదు. తమిళనాట టైప్‌రైటింగ్ పరీక్షలు పాసై వచ్చినవారి చేతులకు పాత టైప్‌రైటర్ అమరిక అలవాటు. మరికొందరికి 1999లో ప్రభుత్వం ప్రకటించిన తమిళ్99. అందులో మీటల వరస పూర్తిగా వేరు. వారికి విండోస్‌లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు నయం. ఇంగ్లిషులో ‘జి యు డి ఐ’ అని కొడితే గుడి వస్తుంది.

అక్షరాల నంబర్లు కూడా రెండు లిపుల్లో అన్నదమ్ముల్లా నడుస్తాయి. తమిళ ‘క’ పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే దాని నంబరు బయటపడుతుంది: 0బి95. తెలుగు ‘క’ నంబరు 0సి15. మామూలు లెక్కలో చెబితే మొదటిది 2965, రెండోది 3093. తేడా 128. రెండు లిపుల్లోనూ ఉన్న హల్లు ఏది తీసుకున్నా ఈ తేడా 128 దగ్గరే ఉంటుంది. తెలుగులో ఖ, గ, ఘ ఉన్న మూడు నంబర్లకు సరిసమానమైన చోటు తమిళ పట్టికలోనూ ఉంది, కాకపోతే ఖాళీగా! ఈ లెక్క పట్టుకుని తమిళ లిపి రాతను తెలుగులోకి మార్చే సాధనాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. అంకెలు పెట్టి రాసిన పాటైతే అవి ³ చూసి ‘గ’గా మార్చగలవు. అంకె లేని ‘కుడి’ని ‘గుడి’ చేయడం మాత్రం ఏ యంత్రం వల్లా కాదు. పాడిన అవ్వనే అడగాలి.

లిపి మార్చినప్పుడు తమిళ టైపిస్టును కంగారుపెట్టేది మరొకటి ఉంది. తమిళంలో పొల్లు మీద చుక్క పెడితే అక్షరం విడిగానే నిలుస్తుంది. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే వెంటనే కిందికి దిగి వత్తవుతుంది. కోవిల్‌పట్టి కొట్టబోతే ‘కోవిల్పట్టి’ అని పడుతుంది. తప్పేమీ కాదు, కానీ ఊరి పేరు గుర్తుపట్టడం కష్టం. ‘ల్’ దగ్గర ఆగి, 200సి కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కాలి. తెరమీద ఏమీ కనిపించదు. తర్వాత ‘ప’ కొడితే కిందికి దిగకుండా పక్కనే నిలబడుతుంది. కనిపించకుండా అక్షరాలను విడదీసే గుర్తు అది. ‘విరుదునగర్‌లో’ అని రాయాలన్నా దాని సాయం కావాల్సిందే.

కోవిల్‌పట్టికి దగ్గర్లో పాండ్యుల కాలపు ఏకశిలాలయం ఉన్న కొండ ఊరుంది. తెలుగు పత్రికల్లో కళుగుమలై అని రాస్తారు. ఇంగ్లిషు స్పెల్లింగ్ చూసి కజుగుమలై అని రాసినవారూ ఉన్నారు. తమిళులు పలికే ఆ ప్రత్యేకమైన ‘ళ’కు 2014లో యూనికోడ్ 7.0 తెలుగు పట్టికలోనూ చోటిచ్చింది. పాత తెలుగు శాసనాల్లో ఉన్న అక్షరమే అది: ఴ. నంబరు 0సి34. తమిళ అక్షరం 0బిబి4కు సరిగ్గా 128 అవతల. కఴుగుమలై అని ఇప్పుడు తెలుగులో రాయొచ్చు. పాత ఫాంట్లున్న కంప్యూటర్‌లో మాత్రం అక్షరం బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది.

కంప్యూటర్ దాకా వెళ్లే ఓపిక లేనివారికి జేబులో ఫోను ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని జీబోర్డ్‌లో అంకెల పేజీకి వెళ్లి 3 మీద వేలు కాసేపు ఆనిస్తే పైన ³ తేలుతుంది. అటు జరిపి వదిలేయడమే. 2కూ 4కూ అంతే. తమిళంలో కొడుతూ మధ్యలో ఇది పెట్టుకోవచ్చు. రాసుకునేవారు మొదటి పేజీలో ఏ అంకెకు ఏ ధ్వనో ఒక వరుస వేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ కింద రాయాలి. ‘మేక’లో ‘క’ను ‘గ’ అని చదవకూడదన్న మాట కూడా అక్కడే ఉండాలి. అంకె లేని అక్షరాన్ని ఎలా పలకాలో తమిళంలో చదువుకున్న మనవరాలికి ఎవరో ఒకరు చెప్పాలి కదా.